ఓటు లేని ఊళ్లో ఉపన్యాసం

నాకు ఈ కాలపు బస్సుల మీద ఒక ఫిర్యాదు ఉంది. అవి చెడిపోయినా సరిగ్గా చెడిపోవు. పొగ కాస్త ఎక్కువ రాగానే వెనక నుంచి ఇంకో బస్సు వస్తుంది, కండక్టరు మనల్ని గొర్రెల్లా అందులోకి తోలేస్తాడు, కాసేపటికి ఇంటి అరుగు మీద ఉంటాం. దారిలో ఏ చెట్టు కిందో కూర్చుని, ముక్కూ మొహం తెలియని వాళ్ల ముందు నోరు జారే తీరిక మనిషికి లేకుండా పోయింది. దేశంలో బయటపడ్డ నిజాల్లో సగం బస్సులు చెడిపోయినప్పుడే బయటపడ్డాయని నా అనుభవం.

ఆ అనుభవమే చెప్పబోతున్నాను. ముందే హెచ్చరిస్తున్నాను, ఇది ఒక ఘోర ప్రమాదం. ఆ ప్రమాదంలో బస్సుకు ఏమీ కాలేదు. బస్సులో ఉన్న దొరకు ఏమీ కాలేదు. నాకు మధ్యాహ్న భోజనం ఆలస్యమైంది, అంతే. దెబ్బ తగిలిన మనిషి అసలు ఆ బస్సు ఎక్కనే లేదు.

సైన్యం వచ్చి పాత నైజాం సర్కారును దించేసిన మరుసటి వానాకాలం అది. నేను పట్నంలో బి.ఏ. ముగించి, సూర్యాపేటలో మా నాయన ఇంట్లో దిగబడ్డాను. బి.ఏ. పాసైన వాడు అప్పట్లో మా వైపు ఏనుగు లాంటివాడు. చూడటానికి అందరూ వస్తారు, పనిలో ఎవరూ పెట్టుకోరు. మా నాయన రామయ్య పంతులు బడిపంతులు. చుట్టుపక్కల ఊళ్లలో అక్షరం వచ్చిన ప్రతివాడి చెవినీ ఎప్పుడో ఒకప్పుడు మెలిపెట్టినవాడు. ఆయన నన్ను చూసి రోజుకొకసారి నిట్టూర్చేవాడు. తిట్టేవాడు కాదు. అదే ఎక్కువ బాధగా ఉండేది.

అలాంటి రోజుల్లో నాకు మాధవరావు దొర దగ్గర కొలువు దొరికింది. ఆయన అసలు పేరు ఇది కాదు. అసలు పేరు చెబితే ఆయన మనవలు "మా తాతగారి గురించి రాశారట" అని సంతోషించే ప్రమాదం ఉంది. రైతుల సంఘం గడీల మీద తిరగబడ్డ గొడవల కాలంలో ఊళ్లో ఉండలేక పట్నంలో మేనమామ బంగళాలో తలదాచుకున్న ఈ దొర, సైన్యం వెనకాలే గడీకి తిరిగొచ్చాడు. పోయినప్పుడు షేర్వాణీలో పోయాడు. వచ్చేటప్పుడు ఖద్దరు బట్టల్లో, తెల్లటోపీలో వచ్చాడు. లోపలి మనిషి మాత్రం రెండు ప్రయాణాల్లోనూ మడత నలగలేదు.

ఓట్లు వస్తున్నాయని అప్పుడు ఎక్కడ విన్నా అదే మాట. పట్వారీలు ఊరూరా తిరిగి పేర్లు రాసుకుంటున్నారు. రేపో మాపో ఓట్లేనని పత్రికలు రాస్తున్నాయి. దొరకు నిలబడాలని కోరిక పుట్టింది. ఒక పొద్దున నన్ను గడీకి పిలిపించాడు.

"పంతులూ, నాకు మాట్లాడుడు రాదు. హుకుం చెప్పుడే వచ్చు. నువ్వు జర మాట్లాడుడు నేర్పాలె."

"ఏం మాట్లాడాలె దొరా?"

"సూర్యాపేటల సంఘపోళ్ల జోరెక్కువ. గాడ రైతులకు తియ్యగుండేది రాయి. కోదాడల అందరూ సరుకు బండ్లోళ్లే. సుంకం నాకాలు ఎత్తేస్తమని రాయి. మిర్యాలగూడల మిల్లు సేట్లు, పట్టాదార్లు. మనోళ్లే. గాడికి కాగితం అక్కెర్లే, నేను సూసుకుంట."

"ఒక్కొక్క ఊళ్లె ఒక్కొక్క మాట చెప్తే ఒకరికొకరు చెప్పుకోరా దొరా?" అని నేను అడిగి ఉండాల్సింది. ఆ ప్రశ్న ఆయనే అడిగాడు. జవాబు నేను చెప్పాను. అందుకే ఈ కథ నాది.

"మధ్యల మునగాల ఉన్నది గద దొరా," అన్నాను.

ఇక్కడ పాఠకులకు కొంచెం భూగోళం చెప్పాలి. సూర్యాపేట నుంచి కోదాడ పోయే దారి మధ్యలో మునగాల ఉంది. చుట్టూ మా నైజాం నేలే. కానీ మునగాల పరగణా మాత్రం అప్పట్లో మద్రాసు వాళ్లది, కృష్ణా జిల్లా కింద లెక్క. ఎవరో చేతి రుమాలు మా పొలంలో పారేసుకుని తీసుకోవడం మర్చిపోయినట్టు ఉండేది. మునగాలలోకి పోతుంటే ఒక నాకా, బయటికి వస్తుంటే ఇంకో నాకా. గంపలో ఉప్పు ఉందేమోనని ముసలమ్మల గంపలు కూడా దింపించేవారు.

"ఉప్పే దాటని నాకాలను మాటెట్ల దాటుతది దొరా?" అన్నాను. దొర నా వంక మెచ్చుకోలుగా చూశాడు. కాలేజీలో నాకు అలాంటి చూపు ఎవరూ ఇవ్వలేదు. ఆ చూపు కోసం ఇంకా ఏమేం చెప్పేవాణ్ణో దేవుడికే తెలియాలి.

సూర్యాపేట ఉపన్యాసం రాయడానికి ఒక వారం పట్టింది. దొర చదువు ఉర్దూలో సాగింది, తెలుగక్షరం రాదు. అందుకని తెలుగు మాటలను ఉర్దూ అక్షరాల్లో రాసిచ్చాను. కుడి నుంచి ఎడమకు పరుగెత్తే ఆ తెలుగును చూసి మా నాయన ఒకటే అన్నాడు: "నీ బి.ఏ. లాగే ఉందిరా, వెనకనుంచి."

ఆ ఉపన్యాసం నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. "ఊరు విడిచిపోయిన నా బిడ్డలారా, తిరిగి రండి. మీరు దున్నిన మడి మీదే. మీ మీద కేసులుండవు. నా గడీలో ఇక వెట్టి అన్న మాట వినపడదు." బిడ్డలారా అనే మాట దగ్గర కండువాతో కళ్లు ఒత్తుకోవాలని పక్కన గుర్తు కూడా పెట్టాను. ఆయన గుర్తు చూసుకోకుండా కేసుల వాక్యం దగ్గర ఒత్తుకున్నాడు. ఫరవాలేదు, జనం ఎవరూ అంత నిశితంగా చూడరు.

ముందు రోజే ఇవే మాటలు డప్పు మీద సరిహద్దు ఊళ్లన్నింటా చాటింపు వేయించాం. ఆ ఆలోచన కూడా నాదే.

సభ బాగా జరిగింది. ఒక్క చిన్న లోటు ఉంది. ఊరు విడిచిపోయిన బిడ్డలను ఉద్దేశించిన ఆ ఉపన్యాసం వినడానికి ఊరు విడిచిపోయిన బిడ్డ ఒక్కడూ అక్కడ లేడు. వచ్చినవాళ్లంతా ఊరు విడవని వాళ్లు. బాగానే చప్పట్లు కొట్టారు.

సభ అయ్యాక బెజవాడ పత్రిక నుంచి వచ్చిన శాస్త్రిగారు కాగితం పట్టుకుని దొర దగ్గరికి వచ్చాడు. సన్నగా, ఆకలిగా ఉండే మనిషి.

"మీరు పోటీ చేస్తున్నారని అంటున్నారండీ. నిజమేనా?"

దొర నా వంక చూశాడు. నేను పెదవులు కదిపాను. దొర చెప్పాడు: "నాకు పదవుల మీద కోరిక లేదు. ప్రజలే బలవంతం చేస్తున్నరు."

"ఏ ప్రజలండీ?" అని శాస్త్రిగారు అడగలేదు. రాసుకున్నాడు. తరవాత మాతో పాటు బస్సు ఎక్కాడు, ఎందుకంటే బస్సులో పులిహోర ఉంది.

అప్పట్లో పెట్రోలు కరువు. మా బస్సు బొగ్గుతో నడిచేది. వెనక పొయ్యి లాంటి డబ్బా ఒకటి, అందులో బొగ్గులు, ఆ సెగతో బండి కదలాలి. పెళ్లిలో వంటవాడి పొయ్యిని చక్రాల మీద పెట్టి ఊరేగించినట్టు ఉండేది. డ్రైవరు ఖాసిం సాబు ఆ పొయ్యి మూడ్ కనిపెట్టి మాట్లాడేవాడు. మొదటి నాకా దాటి మునగాల పొలిమేర చేరేసరికి పొయ్యి అలిగింది. బస్సు రెండు సార్లు దగ్గి, రోడ్డు పక్కన ఒక వేపచెట్టు నీడ చూసుకుని మరీ ఆగిపోయింది.

"ఏమైంది సాబూ?" అన్నాడు దొర.

"జర సబర్ సెయ్యాలె దొర. బొగ్గు పచ్చిగున్నది."

"ఎంత సేపు?"

"గది బొగ్గునడగాలె."

ఎదురుగా ఒక మజ్జిగ అంగడి ఉంది. అంగడివాడు నులకమంచం తెచ్చి చెట్టు కింద వేశాడు. దొర టోపీ తీసి, దాంతోనే విసురుకుంటూ మంచం మీద కూర్చున్నాడు. దండలు, జెండా ఉన్న బస్సు కదా, జనం పోగయ్యారు. ముందు వరసలో మునగాల వాళ్లు, నవ్వుతూ, మాట్లాడుతూ. వెనక కొంత ఎడంగా ఇంకో గుంపు, తలకు గుడ్డలు చుట్టుకుని, చప్పుడు లేకుండా. దొర మంచానికి ఇవతల సామాను ఎక్కించిన ఎడ్లబండి ఒకటి ఉంది. తట్టలు, ఒక రోకలి, గంప కింద కోళ్లు. నేను ఇవన్నీ చూశాను. చూడటం, అర్థం కావడం వేరు వేరు అని నాకు అప్పటికి ఎవరూ చెప్పలేదు.

దొర మజ్జిగ తాగి చుట్టూ చూశాడు.

"పంతులూ, గీడ మనకు ఓట్లున్నయా?"

"ఒక్కటి లేదు దొరా. గిది మద్రాసోళ్ల నేల. వీళ్ల ఓటు వీళ్లదే, మన ఓటు మనదే."

"మరి గింతమంది జనం పాడయితున్నరు గద," అన్నాడు దొర నిజంగా బాధపడుతూ.

అప్పుడు నాకు ఆ ఆలోచన వచ్చింది. జీవితంలో నాకు వచ్చిన గొప్ప ఆలోచనలన్నీ ఇలా ఆకలి మీద ఉన్నప్పుడే వచ్చాయి.

"దొరా, మిర్యాలగూడల కాగితం లేకుండ మాట్లాడాలె గద. గీడ ఒకసారి అనుకోండ్రి. అలవాటయితది."

"గిందరు ఇంటున్నరు."

"ఇంటే ఇననియ్యిండ్రి. ఓటు లేనోని చెవి ఉంటేంది, లేకుంటేంది?"

ఈ వాక్యం నేనే అన్నాను. తరవాత చాలా ఏళ్లు ఇది వేరెవరో అన్నట్టు గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాను. కుదరలేదు.

దొర గొంతు సవరించుకున్నాడు. సూర్యాపేటలో కాగితం పట్టుకుని చెమటలు పట్టిన మనిషి ఇప్పుడు మంచం మీద బాసింపట్టు వేసుకుని, ఇంట్లో మాట్లాడినట్టు మొదలుపెట్టాడు.

"సేట్లూ, పట్టాదార్లూ. సూర్యాపేటల నేను చెప్పింది మీ చెవుల పడ్డా పరేషాన్ కావొద్దు. పారిపోయినోళ్లు రాకుంటే నాట్లెవరేస్తరు? మీరేస్తరా, నేనేస్తనా? గందుకనే తియ్యగ పిలుస్తున్న. రానియ్యిండ్రి. నాటెయ్యనియ్యిండ్రి. కలుపు తియ్యనియ్యిండ్రి. గింజ గట్టిపడ్డంక, ఎవని మడి ఎవనిదో అప్పుడు సూస్తం. కేసులుండవని నేనన్న. పోలీసోళ్లన్నరా?"

"దొరా, 'కలుపు' దగ్గర కొంచెం ఆగాలె," అన్నాను నేను, డ్రామా మాస్టరులాగా. "ఆగి, సేట్ల దిక్కు సూసి నవ్వి, తర్వాత గింజ మాట ఎత్తాలె."

ముందు వరసలోని మునగాల ముసలాయన ఒకడు తల ఊపాడు. "అవునయ్యా. ఆ గింజ గట్టిపడే కాడ మళ్లీ ఒకసారి చెప్పు. అది బాగుంది."

దొరకు ఉత్సాహం వచ్చింది. మళ్లీ చెప్పాడు. ఈసారి కలుపు దగ్గర ఆగాడు, నవ్వాడు. ముందు వరస చప్పట్లు కొట్టింది. వాళ్లకు ఏ నష్టమూ లేదు కనుక, ఒక మంచి కళాకారుణ్ణి చూసినట్టు చూశారు. పొద్దున సూర్యాపేటలో నా ఉపన్యాసానికి వచ్చిన వాటికంటే గట్టి చప్పట్లు అవి. నాకు కొంచెం కష్టంగా కూడా అనిపించింది.

వెనక గుంపులో కదలిక మొదలైంది. వాళ్లు బండి దగ్గరికి పోవాలంటే దొర మంచం ముందు నుంచే పోవాలి. ఒక్కొక్కరే వచ్చారు. మంచం ముందుకు రాగానే, ఎవరూ చెప్పకుండానే, తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని, నడుము దాకా వంగి దండం పెట్టారు.

నేను గమనించని ఒక విషయం ఇక్కడ చెప్పాలి. దొర తన రైతుల మొహాలు ఎన్నడూ చూసినవాడు కాదు. వాళ్లు ఆయన ముందు నిటారుగా నిలబడితే కదా. ఆయనకు బాగా తెలిసింది వాళ్ల నడినెత్తులే. ఇంతసేపూ ఎదురుగా నిలబడ్డ మొహాలు ఆయనకు కొత్తవి. వంగగానే పోలిక దొరికింది. మూడో మనిషి నడినెత్తి మీద ఒక పాత మచ్చ ఉంది. ఆ మచ్చ ఎలా వచ్చిందో కూడా దొరకు గుర్తున్నట్టే ఉంది, ఎందుకంటే చేతిలో టోపీ ఆగిపోయింది.

"ఏమిరా ముత్తా," అన్నాడు. "గీడున్నవా?"

"గీడ్నే ఉన్న దొర."

"ఎప్పటిసంది?"

"మీ మనుషులు గడీల దిగినప్పటిసంది దొర."

"ఇంతసేపు ఇన్నవా?"

"ఇన్న దొర."

"ఏమిన్నవ్?"

ముత్తయ్య చంకలోని తలగుడ్డను ఇంకా గట్టిగా నొక్కుకున్నాడు. "మంచిగ మాట్లాడిండ్రు దొర," అన్నాడు.

దొర నా వంక తిరిగాడు. ఆ చూపు కాలేజీలో చాలామంది ఇచ్చారు. "ఓట్లు లేవంటివి గద పంతులూ."

నేను ముత్తయ్యను పక్కకు తీసుకుపోయి అడిగాను. "మీరు మునగాలోళ్లు కాదా?"

"కాదు పంతులూ. మాది దొర ఊరే. గొడవల సంది గీడికొచ్చినం, అటు గుంపులోళ్లందరు గంతే. మొన్న పట్వారి మా పేర్లు ఊళ్లెనే రాసుకున్నడట. ఓట్లు గాడ్నే ఉన్నయి. మనుషులమే గీడున్నం."

దేశంలో ఓట్ల మీద అప్పటికి పత్రికల్లో చాలా వ్యాసాలు వచ్చాయి. ఇంత స్పష్టంగా ఎవరూ రాయలేదు.

ముత్తయ్య సంగతి కూడా అప్పుడే తెలిసింది. ఊరి చెరువు కింద అతని తాతనాటి నుంచీ వాళ్లే కౌలుకు దున్నుతున్న మడి ఒకటి ఉంది. గొడవల్లో సంఘం వాళ్లు అది నీదే పొమ్మన్నారు. సైన్యం వచ్చాక, అలా పొమ్మనిపించుకున్న వాళ్లందరి మీదా కేసులన్నారు. ముత్తయ్య పెళ్లాం సాయమ్మను, రెండు పశువులను తోలుకుని నాకా దాటి మునగాలకు వచ్చి కూలి చేసుకుంటున్నాడు. ముందు రోజు మా చాటింపు విన్నాడు. కిరాయికి బండి మాట్లాడి సామాను ఎక్కించాడు. నాటు అదను దాటకముందే ఊరు చేరాలని. మా బస్సు చెడిపోకపోయి ఉంటే అప్పటికి సగం దారిలో ఉండేవాడు.

"పంతులూ, నువ్వు రామయ్య పంతులు కొడుకువు గద?" అన్నాడు.

"అవును."

"మా పెద్దోనికి మీ నాయినే అచ్చరాలు దిద్దిచ్చిండు. గాయిన అబద్ధమాడంగ నేను సూడలే. నువ్వు చెప్పు. పొద్దుగాల సూర్యాపేటల చెప్పింది నిజమా, ఇప్పుడు గీడ చెప్పింది నిజమా?"

నేను ఆలోచించాను. ఇది అబద్ధం కాదు, నిజంగానే ఆలోచించాను. కాలేజీలో తర్కశాస్త్రం చదివినవాణ్ణి. ఒకదానికొకటి పొసగని రెండు మాటల్లో ఒకటే నిజం కావాలి. ఒకటి నేను రాసింది. ఇంకొకటి నేను రాయనిది. ఇంతకంటే సులువైన తీర్పు ఏ జడ్జీకి దొరుకుతుంది?

"సూర్యాపేటదే నిజం," అన్నాను. "నేనే రాసిన."

"మరి గిది?"

"గిది రిహార్సలు. సేట్లను మురిపిచ్చేందుకు. డ్రామాల రాక్షసుని ఏషం కట్టినోడు ఇంటికి పొయ్యి మనుషులను తింటడా?"

ముత్తయ్య మొహం కొంచెం తేటపడింది. బండి మీద కూర్చుని ఇదంతా వింటున్న సాయమ్మ అప్పుడు నోరు తెరిచింది.

"అయ్యా, ఏషం కట్టెటోడు టోపీ పెట్టుకుని కడ్తడా, టోపీ తీసి కడ్తడా?"

నేను మంచం వైపు చూశాను. దొర ఇంకా టోపీ తీసి, దాంతోనే విసురుకుంటున్నాడు. నాకు నవ్వు వచ్చింది. మంచి మాట ఎవరు అన్నా మెచ్చుకునే గుణం నాకు మొదటి నుంచీ ఉంది. పగలబడి నవ్వాను, జవాబు చెప్పలేదు. నవ్వితే జవాబు చెప్పినట్టేనని చదువుకున్నవాళ్లలో ఒక ఆచారం ఉంది.

"ఊకోయే," అన్నాడు ముత్తయ్య. "అదను పోతున్నది. రామయ్య పంతులు కొడుకు చెప్పిండు గద."

"రామయ్య పంతులు చెప్పలే గద," అంది సాయమ్మ. కానీ కోళ్ల గంప సరిచేసుకుని పక్కకు జరిగి, మొగుడు కూర్చోవడానికి చోటిచ్చింది.

ఇక శాస్త్రిగారు. ఆయన పులిహోర పొట్లం ముందు పెట్టుకుని అన్నీ విన్నాడు. నేను వెళ్లి ఆయన పక్కన చేరాను.

"శాస్త్రిగారూ, ఇది రాయరు కదా?"

"ఎందుకు రాస్తానండీ? సూర్యాపేటలో ఏం మాట్లాడతారో మీరు నిన్ననే ఇచ్చారుగా. బస్సెక్కక ముందే తంతి కొట్టించేశాను. ఇప్పుడు అది కాదు ఇది అంటే మా ఎడిటరు గారు నన్ను కాదనుకుంటారు."

"మీరు స్వయంగా విన్నారు కదా?"

"విన్నవన్నీ వేస్తే పత్రికలో ప్రకటనలకు చోటు ఎక్కడుంటుందండీ?" అని వేళ్లు కడుక్కోవడానికి లేచాడు. తరవాత ఆయన ఏమీ రాయకుండా ఉండలేదు. మునగాల ఆ బెజవాడ పత్రికవాళ్ల జిల్లాలోదే కనుక జిల్లా వార్తల కింద నాలుగు వాక్యాలు వచ్చాయి. దారిలో మునగాల ప్రజలు మాధవరావుగారికి అపూర్వ స్వాగతం పలికారనీ, ఆయన అప్పటికప్పుడు చేసిన ప్రసంగానికి హర్షధ్వానాలు చెలరేగాయనీ. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు.

బొగ్గు రాజుకుంది. ఖాసిం సాబు హారను కొట్టాడు. బస్సు కోదాడ వైపు, ముత్తయ్య బండి సూర్యాపేట వైపు కదిలాయి. నేను కిటికీలోంచి చెయ్యి ఊపాను. ముత్తయ్య దండం పెట్టాడు. నాకు అప్పటివరకూ ఎవరూ అంత వంగి దండం పెట్టలేదు, బాగానే అనిపించింది.

కోదాడలో దొర నా కాగితం చూసి, సుంకం నాకాలు ఎత్తేయిస్తానని బండ్లవాళ్లకు మాట ఇచ్చాడు. ఊరు దాటుతుంటే అక్కడి నాకా గుమాస్తా దిగులుగా ఎదురొచ్చాడు. దొర బస్సులోంచే అభయం ఇచ్చాడు: "నేనుండంగ నీ నాకా యాడికి పోదు." మధ్యలో మునగాల లేకపోయినా ఫరవాలేదని నాకు అప్పుడు తెలిసింది. రెండు మాటల మధ్య దొరకు ఒక కేక దూరం చాలు.

మిర్యాలగూడలో ఒక బియ్యం మిల్లు వాకిట్లో జాజిం పరిచారు. సేట్లు, పట్టాదార్లు కూర్చున్నారు. దొర టోపీ తీసి పక్కన పెట్టుకుని మాట్లాడాడు. కలుపు దగ్గర ఆగాడు, నవ్వాడు. సేట్లు నవ్వారు. సాధన చేస్తే ఎంత తేడా వస్తుందో చూసి నాకు గర్వంగా అనిపించింది.

ఒక ముసలి సేటు అడిగాడు. "అది సరె దొరా. సూర్యాపేటల మరి అట్లెట్ల చెప్పినవ్?"

"అదా? అది పంతులు రాసిండు," అన్నాడు దొర, నా వైపు వేలు చూపించి.

అందరూ నా వంక తిరిగి నవ్వారు. నేనూ నవ్వాను. ఆ రోజంతటిలో కాగితం లేకుండా మాట్లాడినవే ఆయన సొంత మాటలని నాకు అప్పుడైనా తట్టి ఉండాల్సింది. ఆ సమయంలో బూంది లడ్డు పంచుతున్నారు.

ఆ తరవాత జరిగింది క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే ఇందులో నవ్వుకోవడానికి తక్కువ ఉంది. రేపో మాపో అన్న ఓట్లు ఆ ఏడు రాలేదు. మరుసటి ఏడూ రాలేదు. ఎక్కడో పైన వద్దనుకున్నారట. ముత్తయ్య మాత్రం ఊరు చేరిన మరునాడే నాటు వేశాడు. పైరు చాలా బాగా వచ్చిందని మా నాయనే చెప్పాడు, మురిసిపోతూ. కలుపు తీశారు. గింజ గట్టిపడింది. అప్పుడు దొర మనుషులు కొడవళ్లతో వచ్చారు. వెనక పోలీసులు వచ్చారు. అన్నీ దొర చెప్పిన వరసలోనే జరిగాయి. ఎక్కడా ఒక్క మాట తప్పలేదు. కోత వాళ్లు కోసుకుపోయారు, ముత్తయ్యను నల్లగొండ జైలుకు తీసుకుపోయారు.

మా నాయన కూడా ఆ వార్త విన్నాడు. కొన్నాళ్ల పాటు నేను ఇంట్లోకి వస్తే ఆయన అరుగు మీదికి వెళ్లేవాడు.

మరుసటి చలికాలం ఏదో పని మీద మిర్యాలగూడ పోయి, ఆ మిల్లు ముందు నుంచే నడుస్తున్నాను. హమాలీలు బస్తాలు మోస్తున్నారు. బస్తా కింద వంగిన ఒక నడినెత్తి మీద మచ్చ కనిపించింది. ఆ వేళకు నేనూ మనుషులను నడినెత్తిని బట్టి గుర్తుపట్టే స్థితికి వచ్చానన్నమాట.

"ముత్తయ్యా," అన్నాను.

బస్తా దింపి తల ఎత్తాడు. సన్నబడ్డాడు. పక్కన చెరుగుతున్న ఆడవాళ్లలో సాయమ్మ ఉంది. నన్ను చూసి చేట ఆపలేదు.

"మంచిగున్నవా పంతులూ?"

"మంచిగున్న. నువ్వెప్పుడొచ్చినవ్?"

"జైలు నుంచి ఇడిసినంక ఊళ్లెకు రానియ్యలే. గీ సేటే పనిచ్చిండు. దొర చెప్పిండట, మంచి పనోడని."

నేను ఎన్నో నెలల నుంచి లోపల తయారు చేసుకున్న ప్రతిజ్ఞ అప్పుడు బయటపెట్టాను. బాగా రాసుకున్నదే. నిలబడి, చెయ్యి గుండె మీద పెట్టుకుని చెప్పాను. ఈ జన్మలో ఇంకెవ్వరికీ ఉపన్యాసం రాయను. ఓటు ఉన్న ఊళ్లోనూ రాయను, లేని ఊళ్లోనూ రాయను. దొరకు రాయను, సంఘానికి రాయను, చివరికి మా ఇంట్లో పెళ్లికి స్వాగత పత్రం కూడా రాయను. బొగ్గు బస్సు ఎక్కను, ఎక్కినా మునగాలలో నోరు విప్పను. దొర చెప్పిన అబద్ధానికి నా చెయ్యి సాయం పోయిందన్న పాపం కడుక్కునేదాకా ఈ ఒట్టు తప్పను. చివరి వాక్యం దగ్గర నా గొంతు కొంచెం వణికింది, గుర్తు పెట్టుకోకుండానే.

ముత్తయ్య శ్రద్ధగా విన్నాడు. విని, వంగి, బస్తా మళ్లీ వీపు మీదికి సర్దుకున్నాడు.

"రాస్తె రాయి, లేకుంటె లేదు పంతులూ," అన్నాడు. "ఆ దినం మునగాలల దొర నిజమే చెప్పిండు. అది అబద్ధమని చెప్పినోడివి నువ్వు."